అత్తయ్య గీసిన నాణెం

మా అత్తయ్య పోయింది. నందిగామ బస్టాండులో, నేను పాఠాలు చెప్పే కాలేజీకి వెళ్ళే ఆటో కోసం నిలబడి ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్తయ్య లేవట్లేదే" అన్నాడు. "సరిగ్గా చూడరా, గట్టిగా పిలువు" అన్నాను. "చూసా. చల్లబడిపోయింది" అన్నాడు. వెనకాల మా మరదలు ఏడుస్తోంది. నేను రోడ్డు దాటి అవతలివైపు పేట బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇలాంటి రోజున కూడా కిటికీ సీటు చూసుకుని కూర్చున్నానే అని నామీద నాకే చిరాకేసింది.

జగ్గయ్యపేటని మేం పేట అనే అంటాం. చిల్లకల్లు దగ్గర హైవే దిగి బస్సు పేట దారి పట్టగానే చెట్ల ఆకులు తెల్లబడతాయి. రాళ్ళ టిప్పర్లు, సిమెంటు లారీలు తిరిగే దారి మరి. అత్తయ్య అప్పుడప్పుడూ తడిగుడ్డ పట్టుకుని వాకిట్లో నందివర్ధనం ఆకులు ఒక్కొక్కటే తుడిచేది. "రేపటికి మళ్ళీ పడుద్ది కదత్తా దుమ్ము" అంటే, "నువ్వు రేపు మళ్ళీ మొహం కడుక్కోవా?" అనేది. ఆవిడతో వాదన పెట్టుకుని గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

ఆవిడ మా నాన్నకి అక్క. పేటలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరి అక్కడే రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది, అందులో ఒక్కటీ నిజం కాదు. నాన్న త్వరగా పోయాక నా చదువూ తమ్ముడి చదువూ ఆవిడ జీతం మీదే నడిచాయి. ఆ సంగతి ఏనాడూ ఎత్తి చూపలేదు. మేం ఎత్తితే మాత్రం, "ఊరుకోండి, సినిమాల్లోలాగా" అని కసిరేది.

డ్రాయింగ్ క్లాసంటే పిల్లలకి ఆటల పీరియడ్ లాంటిదే. అత్తయ్య క్లాసు అలా ఉండేది కాదు. రబ్బరు వాడనిచ్చేది కాదు. "గీత తప్పు పోతే పక్కన ఇంకోటి గియ్యి. చెరపకు. ఎక్కడ తప్పావో కనపడుతూ ఉండాలి" అనేది. మామిడిపండు గియ్యమంటే ముందు దాన్ని చేతిలో పెట్టి కాసేపు మొయ్యమనేది. పిల్లలు నవ్వేవాళ్ళు. "నవ్వండ్రా నవ్వండి. బరువు తెలియకుండా గీస్తే అది పండు కాదు, బెలూను" అనేది. పెన్సిల్ బ్లేడుతోనే చెక్కేది. ఇంట్లో పాత క్యాలెండర్లన్నీ ఆవిడవే. వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది కాబట్టి డిసెంబరు రాగానే వీధంతా తిరిగి అడిగి తెచ్చుకునేది.

మీలో పేట చుట్టుపక్కల వాళ్ళెవరైనా ఉంటే, ఆవిడ గీసిన బొమ్మ ఒకటి మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. ఆవిడే గీసిందని మీకు తెలిసి ఉండదు, అంతే.

కొన్నేళ్ళ కిందట పేటలో ఊరి ఉత్సవాలు జరిగాయి. వ్యాపారులు, ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైనవాళ్ళు కలిసి ఒక కమిటీ వేసుకున్నారు. ఊరి పేరు మీద ఒక స్మారక నాణెం చేయించాలనుకున్నారు. చెల్లే నాణెం కాదు, తీసుకెళ్తే టీ కూడా ఇవ్వరు. వెండి పూత పూసి, డబ్బాలో పెట్టి, గుర్తుగా దాచుకోమని ఇచ్చేది. ఒకవైపు ఊరి ముద్ర ఉండాలి, రెండోవైపు ఊరికి అన్నం పెట్టే పరిశ్రమ ఉండాలి అనుకున్నారు. కమిటీ సెక్రటరీ గారు అత్తయ్య దగ్గర చదువుకున్నవాడే. బొమ్మలు గీసిపెట్టమని ఇంటికొచ్చి అడిగాడు.

ముద్ర సంగతి తేలిగ్గానే తేలింది. పేట పక్కన బౌద్ధుల దిబ్బలో ఎప్పుడో ఒక రాతిపలక దొరికింది. దాని మీద ఒక చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు. మబ్బుల్లోంచి ఆయన మీద నాణేలు వానలా కురుస్తుంటాయి. చుట్టూ గొడుగు, చక్రం, ఏనుగు, గుర్రం, రాజుగారికి ఉండాల్సిన హంగులన్నీ ఉంటాయి. అసలు పలక మద్రాసు మ్యూజియానికి పోయింది, మనకి ఫొటోలే మిగిలాయి. డబ్బుల వాన కురిసే రాజు మా ఊరివాడైనందుకు కమిటీ వాళ్ళు మహా సంబరపడ్డారు. అత్తయ్య ఆయన్ని ఏ లోటూ లేకుండా గీసిచ్చింది.

"రెండోవైపు రెండు పొగగొట్టాలు, ఓ మిరపకాయ, ఓ పత్తికాయ పెట్టెయ్యండి మేడం, సరిపోద్ది" అన్నాడు సెక్రటరీ. అత్తయ్య సరే అంది. సరే అన్న మనిషి ఎన్నాళ్ళకీ పూర్తి చెయ్యదే. ఆ రోజుల్లో ఒక ఆదివారం నేను వెళ్తే టేబుల్ నిండా క్యాలెండర్ కాగితాలు పరిచి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ పొగగొట్టం లేదు. అన్నీ మెడలే.

"ఏంటత్తా, మొహాల్లేకుండా?" అన్నాను.

"మోత మోసే మనిషికి మెడ సరిగ్గా రాకపోతే, మొహం ఎంత బాగొచ్చినా అబద్ధమే" అంది తల ఎత్తకుండా.

అవి ఎవరి మెడలో నాకు అప్పుడు అర్థమైంది. మా నాయనమ్మవి. తాత పోయేనాటికి అత్తయ్యా నాన్నా చిన్నపిల్లలు. నాయనమ్మ ముందు సున్నపు బట్టీల నుంచి ఇళ్ళకి సున్నం మోసింది, తర్వాత సిమెంటు ఫ్యాక్టరీ క్వారీలో కాంట్రాక్టరు కింద రాయి మోసింది. నెత్తి మీద పాత చీర గుడ్డ చుట్ట, దానిమీద ఇనప తట్ట, తట్ట నిండా సున్నపురాయి. మాకు ఊహ తెలిసేసరికి ఆవిడ పని మానేసింది. కానీ మెడ తిరిగేది కాదు. వెనకనుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూసేది. చిన్నప్పుడు మాకదొక ఆటగా ఉండేది. అటునుంచి ఒకరం ఇటునుంచి ఒకరం పిలిచేవాళ్ళం. ఆవిడ తిరుగుతూ, నవ్వుతూ తిట్టేది. మా నవ్వులు విని అత్తయ్య వంటింట్లోంచి వచ్చి మా ఇద్దరి వీపులూ పగలగొట్టేది.

చివరికి అత్తయ్య ఆ తల్లినే గీసింది. తట్ట ఎత్తుకుని క్వారీ వాలు మీదనుంచి వస్తున్న ఆడమనిషి. వెనకాల పొగగొట్టం సన్నగా. తట్ట అంచునుంచి రెండు మూడు రాతిముక్కలు జారిపడుతున్నాయి. కాళ్ళ కింద పేలిన రాయి పలకలు పలకలుగా విచ్చుకుని ఉంది. కాగితం మీద చూస్తే ఆ బరువు నా మెడకి తెలిసింది. నేను చూసినవాటిలో ఆవిడ గీసిన గొప్ప బొమ్మ అదే. "దీని కింద పేరు రాస్తావా?" అన్నాను. "అక్కర్లేదు. చూసినవాళ్ళు ఎవరో ఒకరు అడుగుతారుగా, ఎవరండీ ఈవిడ అని. అప్పుడు చెప్తా" అంది. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆవిడ ఎంత ఆశపడిందో నేను కళ్ళారా చూశాను.

బొమ్మ బెజవాడ వెళ్ళింది. అచ్చు తీశారు, నాణేలు వచ్చాయి. అంత బొమ్మ రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద బిళ్ళ మీదకి వచ్చేసరికి ఏమైందో వినండి. తట్ట నున్నబడి కలశంలా అయింది. నెత్తి మీద గుడ్డ చుట్ట కిరీటమైంది. కాళ్ళ కింద విచ్చుకున్న రాయి తామర రేకులైపోయింది. వెనకవైపు రాజుగారి మీద డబ్బుల వాన కురుస్తోంది కదా, ఇటువైపు జారిపడే రాళ్ళని కూడా జనం డబ్బులే అనుకున్నారు. కలశంలోంచి నాణేలు ఒలకబోస్తున్న తల్లి అంటే ఇంకెవరు? సెక్రటరీ అచ్చు చూసి, "లక్ష్మీకళ ఉట్టిపడుతోంది మేడం" అని ఫోన్ చేశాడట. అత్తయ్య ఏదో అనబోయేలోపే పెట్టేశాడట. ఆవిష్కరణ రోజు మైకులో "మన పేటకి సిరులిచ్చే తల్లి" అన్నారు. అత్తయ్యని స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. నేను కింద కూర్చుని ఉన్నాను. ఆవిడ మైకు వైపు చూస్తోంది. ఎవరూ మాట్లాడమనలేదు. తర్వాత భోజనాలన్నారు.

ఆ తర్వాతి ఆదివారం చర్చి బయట ఒక పెద్దాయన మొహమాటపడుతూనే అడిగాడు. "అమ్మా, మీరు ఏదో దేవత విగ్రహం గీశారంట, సంఘంలో అనుకుంటున్నారు." అత్తయ్య, "మీరు ఆ విగ్రహం చేతి అన్నం చాలాసార్లు తిన్నారండి" అంది. ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ విడమరచి చెప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం చాలాసేపు నవ్వింది. నాకు ఆ నవ్వు బాగా అనిపించలేదు.

నాయనమ్మ పోయాకే మేం ఇప్పుడున్న వీధిలోకి మారాం. మా ఎదురింట్లో బట్టల కొట్టువాళ్ళు ఉంటారు. ఆ ఇంటి ఆంటీకీ అత్తయ్యకీ ఏళ్ళ స్నేహం. గోంగూర ఇటునుంచి అటు, పులిహోర అటునుంచి ఇటు. గిన్నెలు ఎవరివో ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ శ్రావణమాసంలో వ్రతం రోజున ఆంటీ అత్తయ్య చెయ్యి పట్టుకుని పూజగదిలోకి తీసుకెళ్ళింది. "చూడండి టీచర్ గారూ, మీ చేత్తో వచ్చిన తల్లి మా ఇంట్లో కొలువుందండి" అంది. కలశం ముందు తమలపాకు మీద నాణెం ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చేమంతి పువ్వు పెట్టారు. అత్తయ్య దణ్ణం పెట్టలేదు, కాదనలేదు. శనగలు కొంగులో పోయించుకుని ఇంటికొచ్చేసింది.

ఆ వారం నేను వెళ్ళినప్పుడు ఈ సంగతంతా చెప్పింది. "ఇరవయ్యేళ్ళకే ముండమోసింది మా అమ్మ. ఆవిడకి కుంకుమ పెట్టారే" అంది. "బతికుండగా ఈ వీధిలో ఒక్క అరుగు మీద కూడా కూర్చోలా. సున్నం తట్ట దించి అటునుంచి అటే వెళ్ళిపోయేది."

"పోన్లే అత్తా. ఏదో రకంగా గౌరవమే జరుగుతోందిగా. వదిలెయ్" అన్నాను.

"వాళ్ళు దణ్ణం పెట్టేది అమ్మకి కాదు. అమ్మని తెలిస్తే పెట్టరు. తెలియకుండా పెట్టించుకోవడం దొంగతనం. అటు వాళ్ళనీ మోసం చేస్తున్నా, ఇటు అమ్మనీ మోసం చేస్తున్నా" అంది.

ఆంటీకి నిజం చెప్పేసింది. వ్రతాల నెల అయ్యేదాకా ఆగి మరీ చెప్పింది, వాళ్ళ పండగ పాడుచేయడం ఎందుకని. ఆంటీ "అయ్యో, అలాగాండీ" అని పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిందట. కొన్నాళ్ళకి తనే మా గేటు దాకా వచ్చింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. నాణేన్ని శుభ్రంగా కడిగి కొత్త జాకెట్టు ముక్కలో చుట్టి తెచ్చింది. "పూజలో పెట్టుకోలేం కదండీ. అలాగని ఎక్కడో పడెయ్యలేం. మీ అమ్మగారు మీ దగ్గరుంటేనే మర్యాద" అంది. అందులో ఒక్క ముక్క కూడా తప్పు పట్టలేం. అత్తయ్య రెండు చేతులతో అందుకుని "థాంక్సండీ" అంది.

దెబ్బలాట జరిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దెబ్బలాడితే రాజీ అయినా ఉంటుంది. ఇక్కడ ఏమీ జరగలేదు. ఎదురుపడితే ఆంటీ "బాగున్నారా టీచర్ గారూ" అనేది, ఈవిడ "బాగున్నామండి" అనేది. గిన్నెలు మాత్రం ఎవరివి వాళ్ళ ఇళ్ళలో ఉండిపోయాయి. గోంగూర కోసినప్పుడల్లా అత్తయ్య అలవాటుగా రెండు కట్టలు కట్టేది. రెండోది మర్నాడు మేమే పచ్చడి చేసుకునేవాళ్ళం.

"ఆవిడ తప్పేం లేదు" అనేది అత్తయ్య. "పూజగదిలో మా అమ్మ ఎందుకు? నేను పెట్టమన్నానా? కానీ ఒక్క మాట అడగలా. ఎవరండీ మీ అమ్మ, ఎలా ఉండేది, ఏం పేరు అని. లక్ష్మి కాదని తెలియగానే ఇంక ఎవరూ కానట్టే అయిపోయింది." ఇదే మాట ఆవిడ నోట రకరకాలుగా చాలాసార్లు విన్నాను. చివర్లో ఆయాసం మధ్య కూడా విన్నాను.

ఆయాసం మొదలయ్యాక ఆవిడ బొమ్మలు మానేసింది. చెయ్యి వణుకుతోందని పైకి చెప్పేది. డాక్టరు గుండె అన్నాడు, ఊపిరితిత్తులన్నాడు, దుమ్ములో తిరగొద్దన్నాడు. పేటలో దుమ్ములో తిరక్కుండా ఉండాలంటే ఆకాశంలో ఉండాలి. క్రిస్మస్‌కి వచ్చిన క్యాలెండర్లు చుట్టలు విప్పకుండా మూలనే ఉన్నాయి. నేను చివరిసారి వెళ్ళినప్పుడు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే కాలేజీ సంగతులు అడిగింది, నా జడ పలచబడిందని తిట్టింది. తర్వాత ఉన్నట్టుండి, "తప్పు నాదేనేమోనే" అంది.

"ఏది?"

"ఆ బొమ్మ. చూసినవాళ్ళకి తెలియకపోతే గీసినవాళ్ళదే తప్పు. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇదే చెప్పా. మామిడిపండు గీస్తే మామిడిపండే కనపడాలి కదా. అమ్మని గీసా, అమ్మ కనపడలా."

నేను కాదన్నాను. బిళ్ళ చిన్నదన్నాను, అచ్చు తీసినవాడు నున్నగా చేశాడన్నాను, జనానికి చూడాలనుకున్నదే కనపడుద్దన్నాను. ఆవిడ వినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. జీవితంలో ఒక్కసారి ఆవిడతో వాదనలో గెలవాలనుకున్నాను. అదే ఓడిపోయాను. ఆ మాట మనసులో పెట్టుకునే ఆవిడ పోయింది. అదే నన్ను ఎక్కువగా కాలుస్తోంది.

శవపెట్టె తెచ్చారు. తమ్ముడు ఫ్లెక్సీ వేయించాడు, "ప్రభువునందు నిద్రించిన మా టీచర్ గారు" అని. ఫొటోలో శాలువా కప్పి ఉంది, స్టేజీ మీద తీసినదే దొరికింది. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. నడివయసు మగవాళ్ళు, పోలీసాయన ఒకడు, మిరప వ్యాపారి ఒకడు, ఇద్దరు ముగ్గురు టీచర్లు. "మాకు రబ్బరు లాగేసుకునేదండీ" అని ఒకడు చెప్పుకుని ఏడ్చాడు. సమాధుల తోటలో నాయనమ్మ పక్కనే చోటు దొరికింది. నాయనమ్మ మీద రాయి లేదు, అప్పట్లో వేయించే స్తోమత లేకపోయింది. తర్వాత వేయిద్దామంటే అత్తయ్యే వద్దంది. "మోసింది చాల్లే, ఇంకా మీద పెట్టడం ఎందుకు" అనేది. మట్టి పోస్తుంటే తమ్ముడు నా భుజం మీద తల పెట్టేశాడు. ఎదురింటి ఆంటీ ఆ రోజు తమ వసారాలో నిలబడి, పెట్టె వీధి మలుపు తిరిగేదాకా చూసింది. మా గేటు లోపలికి రాలేదు.

తర్వాత చర్చివాళ్ళు ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ కూడిక రోజున వచ్చింది. వాకిట్లో షామియానా వేశాం. ఆవిడ అందరికంటే వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పాటలకి పెదవులు కదపలేదు, ప్రార్థనకి కళ్ళు మూసుకుంది. అందరూ టీ తాగి వెళ్ళిపోతుంటే, నేను గ్లాసులు ఏరుతున్న చోటికి వచ్చి నిలబడింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఏం చేసుకోవాలో తెలియనట్టు కొంగు అంచు పట్టుకుంది. ఆ నాణెం మళ్ళీ అడుగుతుందేమో అనుకున్నాను. అడిగితే ఇవ్వనని కూడా అనుకున్నాను.

"అమ్మాయ్" అంది. "టీచర్ గారి అమ్మగారి పేరేంటమ్మా?"

చేతిలో గ్లాసులు కింద పెట్టాను.

"అప్పుడే అడుగుదామనుకున్నా" అంది ఆవిడ. "అడిగితే బాధపడతారేమోనని ఊరుకున్నా. ఊరుకునేసరికి ఏళ్ళు అయిపోయాయి. మా అత్తగారు ఉన్నప్పుడు మా ఇంటికి సున్నం ఒకావిడ తెచ్చేదమ్మా. నేను కొత్తగా కాపురానికొచ్చా. పిలిస్తే మెడ తిప్పేది కాదు, మనిషంతా తిరిగి చూసేది. నాణెం కడుగుతుంటే ఆ మెడ చూసి గుర్తుపట్టా. ఆవిడేనా?"

"ఆవిడేనండి" అన్నాను. "మా నాయనమ్మ. మార్తమ్మ."

"మార్తమ్మ గారు" అంది ఆంటీ.

నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేసి గేటు దాటింది. రోడ్డు మీద రాళ్ళ టిప్పర్లు వరసగా పోతున్నాయి. అవి వెళ్ళేదాకా ఆవిడ ఇవతలే ఆగింది. దుమ్ము లేచి జుట్టు మీద, భుజాల మీద పడుతోంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. పెదవులు మాత్రం మెల్లగా కదులుతున్నాయి, మర్చిపోకుండా ఆ పేరుని మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నట్టు.